ఇనుము – నిప్పు – నీరు

జనవరి వచ్చిందంటే కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాలలో పసుపు తవ్వకాలు మొదలవుతాయి. తవ్విన పచ్చి కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టిన తరువాతనే అవి మార్కెట్టుకు చేరతాయి. ఒకప్పుడు ఈ పనికి పొలంలోనే పొయ్యి తవ్వి, దానిపై పెద్ద ఇనుప కడాయి ఎక్కించి, కొమ్ములు మునిగేదాకా నీరు పోసి మరిగించేవారు. ఇప్పుడు చాలాచోట్ల ట్రాక్టరు లాగే బండిపై ఆవిరి బాయిలరే పొలానికి వస్తున్నది. దానిలో పుట్టిన ఆవిరి గొట్టాల గుండా పసుపు నింపిన పీపాలలోకి వెళ్లి కొమ్ములను ఉడికిస్తుంది. చుట్టూ చేరినవారి చూపంతా కొమ్ము ఉడికిందా లేదా అన్నదానిమీదే ఉంటుంది. కింద మంట, లోపల మరిగే నీరు. ఈ రెండింటి నడుమ ఉన్నది కొద్ది మిల్లీమీటర్ల మందం గల ఇనుపరేకు. దానివైపు ఎవరి దృష్టీ పోదు.

జగిత్యాల చుట్టుపక్కల వడ్లను ఆవిరిలో ఉడికించి ఉప్పుడు బియ్యం చేసే మిల్లులలోనూ, సిరిసిల్లలో పడుగుకు గంజి పట్టించే చోట, నూలుకూ బట్టకూ రంగులు అద్దే చోటా ఇదే రేకు వేరువేరు రూపాలలో పనిచేస్తూ ఉంటుంది. వాడుకలో దీనిని ఇనుము అనే అంటాం. శాస్త్రపరిభాషలో ఇది అల్పకర్బన ఉక్కు; వ్యాపారులు మైల్డ్ స్టీల్ అంటారు. ఇందులో కర్బనం సుమారు 0.25 శాతానికి మించదు. కొద్దిగా మాంగనీసు, అంతకంటె తక్కువగా సిలికాన్, గంధకం, భాస్వరం ఉంటాయి. మిగిలినదంతా ఇనుమే. కర్బనం తక్కువ కనుక ఇది సులభంగా వంగుతుంది, వెల్డింగుకు లొంగుతుంది, దెబ్బ తగిలితే పగలక సాగుతుంది. పైగా చవక. నిప్పు మీద పెట్టే పాత్రలకూ గొట్టాలకూ దీనిని మించిన లోహం సామాన్యుడికి అందుబాటులో లేదు. అయితే వేడి, తేమ, గాలి, లవణాలు ఒకచోట చేరినప్పుడు దీని ప్రవర్తన ఎలా ఉంటుందో తెలియకపోతే నష్టం తప్పదు. ఆ నష్టం ఒక్కోసారి ప్రాణనష్టం కూడా కావచ్చు.

ముందుగా తుప్పు సంగతి చూద్దాం. ఇనుము ఖనిజంగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌తో కలిసే ఉంటుంది. బొగ్గుతో కాల్చి మనం దానిని విడదీస్తాం. వీలు చిక్కినప్పుడల్లా అది మళ్లీ ఆక్సిజన్‌తో కలవడానికి సిద్ధంగా ఉంటుంది. తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఎడారి గాలిలో ఇనుము ఏళ్ల తరబడి నిలుస్తుంది; గాలి పూర్తిగా తొలగించిన నీటిలోనూ చాలాకాలం నిలుస్తుంది. రెండూ కలిస్తేనే చేటు. అల్యూమినియం పైన ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టిగా అతుక్కొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండడం వల్ల దానికీ అటువంటి కవచమే ఏర్పడుతుంది. మామూలు ఇనుము తుప్పు అటువంటిది కాదు. తాను పుట్టిన ఇనుము కంటె అది ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది, ఉబ్బుతుంది, పొరలు పొరలుగా రాలిపోతుంది. రాలినచోట కొత్త లోహం గాలికి దొరుకుతుంది.

అయినా ఇనుము ఎప్పుడూ ఇంత నిస్సహాయం కాదు. అది రక్షణపొరను తయారుచేసుకోగలిగే పరిస్థితులు కూడా ఉన్నాయి. ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఆ పొర ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ తెగుతుంది అన్నదే.

తేమలేని వేడిలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే కమ్మరి కొలిమి దగ్గర కాసేపు నిలబడితే చాలు. సానబట్టిన ఇనుపముక్కను మెల్లగా కాలిస్తే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక లేత పసుపు రంగు తేలుతుంది. 300 డిగ్రీల ప్రాంతంలో నీలంగా మారుతుంది. అవి లోహపు రంగులు కావు. పైన ఏర్పడిన పలుచని ఆక్సైడ్ పొర కాంతితో ఆడే ఆట. వేడి పెరిగేకొద్దీ పొర మందమవుతుంది. 570 డిగ్రీల దాకా అందులో ప్రధానంగా రెండు అంతరువులు ఉంటాయి: పైన ఎర్రని హేమటైట్, దాని కింద నల్లని మాగ్నటైట్. ఇవి కొంతవరకు లోహాన్ని ఆదుకుంటాయి. 570 డిగ్రీలు దాటితే వీటి కింద ఊస్టైట్ అనే మూడవ ఆక్సైడ్ పుడుతుంది. దాని స్ఫటికాలలో ఇనుప పరమాణువులు ఉండవలసిన స్థానాలు చాలా ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీల గుండా ఇనుము వేగంగా పైకి సాగి ఆక్సిజన్‌ను కలుసుకుంటుంది. అందువల్ల అక్కడినుంచి లోహం తరిగిపోయే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. కమ్మరి సమ్మెట వేసినప్పుడు దాగలి చుట్టూ రాలే నల్లని పెచ్చులు ఇవే. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లు తప్పవని సామెత. లోహశాస్త్రం దృష్టిలో మాత్రం అగ్నితో కూడినందుకు తరిగిపోయేది ఇనుమే.

పొర ఒక్కటే కాదు, బలం కూడా తగ్గుతుంది. 400 డిగ్రీలు దాటిన తరువాత అల్పకర్బన ఉక్కు స్థిరమైన బరువు కింద కూడా కాలక్రమంలో కొద్దికొద్దిగా సాగుతుంది. సుమారు 425 డిగ్రీలకు పైన ఏళ్ల తరబడి ఉంచితే దానిలోని కార్బైడ్ విడిపోయి గ్రాఫైటు కణాలుగా మారి లోహాన్ని పెళుసుబారుస్తుంది. అంతకుమించిన వేడి అవసరమైన చోట క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులను వాడతారు.

వేడి ఇనుముకు గాలి తగలకూడదన్న సత్యం ఈ ప్రాంతపు పనివారికి కొత్త కాదు. మెట్‌పల్లికి సమీపంలో, నేటి నిజామాబాదు జిల్లాలో ఉన్న కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు ప్రపంచప్రసిద్ధి పొందిన ఊరు. నేడు జగిత్యాల జిల్లాలో ఉన్న ఇబ్రహీంపట్నం కూడా ఈ పరిశ్రమకు పేరొందినదే. పారశీకదేశంలోని ఇస్ఫహాన్ వర్తకులు ఇక్కడికి వచ్చి ఉక్కు కొనుక్కొని వెళ్లేవారు. డమాస్కస్ కత్తులుగా పేరుపొందిన ఖడ్గాలకు ఇటువంటి దక్షిణభారతపు ఉక్కే మూలద్రవ్యం. పాశ్చాత్యులు దీనిని ఊట్జ్ అన్నారు. ఆ పేరు మన ఉక్కు అన్న మాటకు మారిన రూపమేనని పండితుల అభిప్రాయం. 1820 ప్రాంతంలో భారత త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వోయ్‌సీ కోనసముద్రం కొలుములను చూసి వ్రాసిన వర్ణన 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది.

ఆ పద్ధతిలో గమనించదగినది మూస. బంకమట్టిలో వడ్ల ఊక కలిపి మూసను చేసేవారు. రెండు రకాల ఇనుమును తగిన పాళ్లలో అందులో వేసి, మూత పెట్టి, మట్టితో మెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. నిప్పు తగిలినప్పుడు మట్టిలోని ఊక మాడి బొగ్గవుతుంది. లోపలికి చొరబడబోయిన ఆక్సిజన్‌ను ఆ బొగ్గు పట్టేస్తుంది. బయట అంత మంట మండుతున్నా లోపలి లోహం పెచ్చులు కట్టదు. కర్బనాన్ని పీల్చుకొని, కరిగి, ఒకటి నుంచి రెండు శాతం కర్బనం గల ఉక్కు ముద్దగా గడ్డకడుతుంది. తరువాత ఆ ముద్దను మెత్తబరచడానికి మళ్లీ కాల్చేటప్పుడు కూడా పైన మట్టి పూసేవారు. ఊస్టైట్ పేరు వారికి తెలియదు. తెరిచి కాలిస్తే సరుకు తరుగుతుందని మాత్రం బాగా తెలుసు. వడ్లు పండే సీమలో ఊకను ఇంతకంటె తెలివిగా వాడినవారు మరొకరు ఉన్నారో లేదో.

ఇక వేడినీటి విషయం. ఇక్కడ ఒక వింత ఉన్నది. మూతలేని పాత్రలో నీటిని వేడిచేస్తూ పోతే సుమారు 80 డిగ్రీల వరకు ఇనుము తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. ఆపైన తగ్గుతుంది. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ నిలవలేక బుడగలై వెళ్లిపోవడమే అందుకు కారణం. అదే మూసిన పాత్రలో అయితే ఆక్సిజన్‌కు దారి ఉండదు. వేడితోపాటు తుప్పు కూడా పెరుగుతూనే పోతుంది. పాత కడాయికి, కొత్త బాయిలరుకు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. కడాయి తెరిచి ఉంటుంది కనుక మరిగే నీటిలో దానికి ముప్పు తక్కువ. పని ముగిశాక తడితో బోర్లించకుండా వదిలేస్తేనే అది చెడుతుంది. బాయిలరులో మాత్రం నీటితోపాటు లోపలికి వచ్చిన ఆక్సిజన్ రేకును ఒకేచోట పట్టుకొని సూదితో పొడిచినట్లు గుంటలు చేస్తుంది. మొత్తం మీద పోయిన లోహం తులమెత్తు కూడా ఉండకపోవచ్చు. కానీ ఆ కొంచెమూ ఒకేచోట పోతే రేకుకు చిల్లు పడుతుంది.

నీటినుంచి ఆక్సిజన్‌ను తొలగించి, కొద్దిగా క్షారగుణం కల్పిస్తే పరిస్థితి పూర్తిగా మారుతుంది. అప్పుడు వేడినీరే ఇనుముతో కలిసి దానిపై నల్లని మాగ్నటైట్ పొరను కడుతుంది. ఈ పొర పలుచనిది, చిక్కనిది, లోహానికి గట్టిగా అంటుకొని ఉండేది. సక్రమంగా నడిచే బాయిలరును తెరిచి చూస్తే లోపలిభాగం ఎర్రగా కాక నల్లగా కనిపిస్తుంది. నలుపు ఆరోగ్య చిహ్నం, ఎరుపు రోగ చిహ్నం. అందుకే బాయిలరుకు పోసే నీటిని ముందుగా వేడిచేసి గాలి పోగొడతారు. మిగిలినదానికి సోడియం సల్ఫైటు వంటి మందులు వాడతారు. క్షారం పాలు కూడా మితంగానే ఉండాలి. అది మితిమీరి, అతుకుల సందులలో చిక్కబడితే ఉక్కు పెళుసై చీలుతుంది. రివెట్లు కొట్టిన పాతకాలపు బాయిలర్లు అనేకం ఈ విధంగానే చెడిపోయాయి.

మన బోరునీటితో మరొక చిక్కు ఉన్నది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి రేకు లోపలివైపు తెల్లని పెచ్చుగా గట్టిపడతాయి. ఇంట్లో నీళ్లు కాచే పాత్రలో కనిపించే సున్నపు పొర అటువంటిదే. ఉక్కుతో పోలిస్తే ఈ పెచ్చు గుండా వేడి ప్రసరించడం పదుల రెట్లు తక్కువ. నీరు రేకును చల్లబరుస్తున్నంతకాలం కింద ఎంత మంట ఉన్నా లోహం నీటి వేడికి కాస్త ఎక్కువగా మాత్రమే ఉంటుంది. మధ్యలో పెచ్చు అడ్డుపడితే మంట వేడి లోహంలోనే నిలిచిపోతుంది. అప్పుడు ఇందాక చెప్పుకొన్న 400 డిగ్రీలు, 570 డిగ్రీలు పుస్తకంలోని అంకెలుగా ఉండిపోవు. రేకు ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది, ఆవిరి ఒత్తిడికి బయటికి పొంగుతుంది. ఈ స్థితిలో అంతకంటె ప్రమాదకరమైన పని నీరు తగ్గిందని గ్రహించి, కాలిన రేకుపై గభాలున చన్నీళ్లు ఎక్కించడం.

మంటవైపు కష్టాలు వేరు. బియ్యపు మిల్లులు తమ ఊకనే కాలుస్తాయి. ఊక బూడిదలో అధికభాగం సిలికా. అది పొగతోపాటు ఎగిరి గొట్టాలను ఆకురాయిలా అరగదీస్తుంది. బూడిదలోని పొటాషియం లవణాలు గొట్టాలకు అంటుకొంటాయి. వాటిలోని క్లోరిన్ ఆక్సైడ్ పొర కిందికి చేరి దానిని వదులు చేస్తుంది. బొగ్గు కాల్చేచోట గంధకం మరొక విధంగా పనిచేస్తుంది. పొగ వేడిగా ఉన్నంతసేపు పెద్ద హాని లేదు. చిమ్నీకి చేరువలో అది చల్లబడి సుమారు 120 నుంచి 150 డిగ్రీలకు వచ్చేసరికి గంధకామ్లం మంచులా లోహంపై దిగుతుంది. వేడి తగ్గినచోట క్షయం పెరగడం కొందరికి ఆశ్చర్యంగా తోచవచ్చు.

సిరిసిల్ల రంగుల పనిలో లోహం చెడడంతో కథ ఆగదు. నూలుకు రియాక్టివ్ రంగులు పట్టాలంటే వేడినీటిలో మామూలు ఉప్పు, సోడా వేయాలి. ఉప్పులోని క్లోరైడ్ ఇనుముపై ఏ పొరనూ నిలువనీయదు. అందువల్ల రంగుతొట్లకు స్టెయిన్‌లెస్ స్టీలును వాడతారు. మైల్డ్ స్టీల్ బాయిలరుకూ ఆవిరి గొట్టాలకూ పరిమితమవుతుంది. కానీ ఆ గొట్టాలలో పుట్టిన తుప్పు రేణువులు ఆవిరితోపాటు కొట్టుకొని వచ్చి బట్టపై పడతాయి. మరక ఒక్కటే అయితే ఉతికి వదిలించే ఉపాయం వెతకవచ్చు. బట్టను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరిచేటప్పుడు ఇనుప రేణువు ఉన్నచోట ఆ రసాయనం హద్దుమీరి విచ్ఛిన్నమై పత్తినారను తినేస్తుంది. తరువాత అక్కడ సూదిమోపినంత చిల్లులు కనిపిస్తాయి. చూసేవారు నేతలో లోపమని నేతగాణ్ణి తప్పుపట్టవచ్చు. లోపం బాయిలరు గదిలో ఉండవచ్చు.

ఇన్ని మాటలు చెప్పిన తరువాత కూడా, మంచి నీరు పోసి, ఆక్సిజన్ తొలగిస్తే ఇక భయం లేదనుకోవడం పొరపాటు. జపానులోని మిహామా అణువిద్యుత్ కేంద్రం ఇందుకు నిదర్శనం. అక్కడి మూడవ యూనిటులో 2004 ఆగస్టు 9న ఒక గొట్టం పగిలింది. అది అణుధార్మికత గల గొట్టం కాదు. సుమారు 140 డిగ్రీల శుద్ధజలం ప్రవహించే సాధారణ కర్బన ఉక్కు గొట్టం. ఎగజిమ్మిన వేడినీటికి, ఆవిరికి ఐదుగురు కార్మికులు మరణించారు, ఆరుగురు గాయపడ్డారు. పది మిల్లీమీటర్ల మందం ఉండవలసిన గొట్టం గోడ పగిలినచోట ఒకటిన్నర మిల్లీమీటరు కంటె తక్కువకు అరిగిపోయి ఉన్నది. వేగంగా సుడి తిరిగే నీరు మాగ్నటైట్ పొరను కట్టినది కట్టినట్లు కరిగించి తీసుకొనిపోయింది. లోహం దానిని మళ్లీ కట్టింది. నీరు మళ్లీ కరిగించింది. ఈ విధమైన అరుగుదల సరిగ్గా ఆ ఉష్ణోగ్రతల ప్రాంతంలోనే అత్యధికంగా ఉంటుంది. ఉక్కులో క్రోమియం అతి కొద్ది పాళ్లలో ఉన్నా దీనిని గణనీయంగా అరికట్టవచ్చు. అయితే అసలు లోపం లోహానిది కాదు. కేంద్రం 1976లో మొదలైనప్పటినుంచి ఆ ఒక్కచోటు పరీక్షించవలసిన భాగాల పట్టికలోకి చేరలేదు. అందుచేత 28 సంవత్సరాలపాటు దానిని ఎవరూ కొలవలేదు.

మనకు దగ్గరలో మరొక రకమైన నిర్లక్ష్యం కనిపిస్తుంది. నడుస్తున్న బాయిలరు కంటె ఆగిపోయిన బాయిలరు త్వరగా చెడుతుంది. పసుపు బాయిలరు ఏడాదిలో రెండు మూడు నెలలు పనిచేసి, మిగతా కాలం వర్షంలోనో చెట్టుకిందనో ఉంటుంది. లోపల మిగిలిన చెంబెడు నీరు, దానిపై ఉన్న గాలి ఆ తొమ్మిది నెలలూ తమ పని తాము చేసుకొనిపోతాయి. చక్కెర కర్మాగారాలు కూడా రుతువును బట్టి నడిచేవే. రెండు రుతువుల మధ్య వాటి బాయిలర్లను పూర్తిగా ఆరబెట్టి లోపల సున్నపురాయి కాల్చిన పొడిసున్నం వంటి తేమపీల్చే పదార్థం ఉంచుతారు. లేదా క్షారజలంతో అంచుదాకా నింపి గాలికి చోటు లేకుండా చేస్తారు. సగం నింపి వదలడం అన్నిటికంటె చెడ్డది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తిరిగి తెరవాలని రైతులు అడిగినప్పుడల్లా చర్చ డబ్బు చుట్టూ, చెరకు చుట్టూ తిరుగుతుంది. మూతపడిన ఏ కర్మాగారంలోనైనా ఇనుముకు గడువు ఉంటుందన్న మాట ఆ చర్చలలో అరుదుగానే వినిపిస్తుంది.

1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు మరణించడంతో మరుసటి ఏడాది బెంగాలులో తొలి తనిఖీ చట్టం వచ్చింది. దేశమంతటికీ 1923లో ఏర్పడిన బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. ధ్రువపత్రం లేకుండా బాయిలరును నడపరాదు. అయితే 25 లీటర్లకు లోపు నీరు పట్టేవి, గేజిపై చదరపు సెంటీమీటరుకు ఒక కిలోగ్రాము కంటె తక్కువ పీడనానికి రూపొందించి ఆ లోపలే నడిపేవి ఈ చట్టం కిందికి రావు. గొట్టం చివర తెరిచి ఉన్నంతకాలం ఆవిరితొట్టిలో పీడనం తక్కువగానే ఉంటుంది. పసుపు పొట్టో మట్టో అడ్డుపడి దారి మూసుకుంటే ఆ తక్కువ నిమిషాలలో ఎక్కువవుతుంది. అప్పుడు కాపాడవలసినవి రెండే: రక్షక కవాటం, రేకు మందం. కవాటం పనిచేస్తున్నదో లేదో మీట ఎత్తి చూడవచ్చు. మందాన్ని కంటితో చూడలేము.

పూర్వం తనిఖీదారు చిన్న సుత్తితో రేకును తట్టుతూ పోయేవాడు. గట్టి రేకు ఖణేలున మోగుతుంది. అరిగినచోట మోత మందగిస్తుంది. చెవి పదునుగా ఉంటే అది మంచి పరీక్షే. నేడు అరచేతిలో ఇమిడే అతిధ్వని పరికరం ఆ పనిని మరింత నిక్కచ్చిగా చేస్తుంది. రేకుపై కాస్త జిగురుద్రవం రాసి దాని మొనను ఆనిస్తే ఒక ధ్వనితరంగం లోహంలోకి దూరి, ఆవలి అంచును తాకి వెనుకకు వస్తుంది. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పయనిస్తుంది. పది మిల్లీమీటర్ల రేకులో పోయి రావడానికి దానికి పట్టే కాలం ఒక సెకనులో పది లక్షల వంతులు చేస్తే అందులో మూడున్నర వంతులకు లోపే. అంతకంటె త్వరగా తిరిగివస్తే రేకు ఆ మేరకు అరిగిందన్నమాట. కొలిచిన ప్రతిచోటా సుద్దతో అంకె వేసి, తేదీ వ్రాసి పెట్టుకుంటారు. మరుసటి ఏడాది అదేచోట మళ్లీ కొలుస్తారు.